నీలావతి పేరుమీది బండి

“శుక్రవారం లోపల నువ్వు ఇంజను నేర్చుకోవల్ల.”

సంజీవప్ప ఈ మాట అన్నప్పుడు నీలావతి పొయ్యి ముందర కూర్చుని సంగటి కెలుకుతోంది. కుండలో తెడ్డు దించి రెండు చేతులా తిప్పేటప్పుడు ఆడది తల ఎత్తదు. ఎత్తితే సంగటి ఉండ కడుతుంది. తొమ్మిదేండ్ల కాపురంలో మొగుడు ఆమెకు చెప్పదలుచుకున్న పెద్ద మాటలన్నీ ఆ తెడ్డు తిరిగే సమయంలోనే చెప్పినాడు. ఆ సమయంలో ఆమె తిరిగి అడగలేదని ఆయనకు తెలుసు. చదువు అబ్బినా అబ్బకపోయినా ఇట్లాంటి తెలివి మాత్రం మొగవానికి పాలతోనే అబ్బుతుంది.

“ఏం ఇంజను?” అంది తల ఎత్తకుండానే.

“కారు ఇంజను. ఎన్ని సిలిండర్లు, ఎన్ని గుర్రాల బలం, ఏ సంవత్సరంలో తయారైంది, అన్నీ నోటికి రావల్ల. అనంతపురం నుంచి పెద్ద ఆఫీసరు విచారణకు వస్తాండాడు. నిన్నే అడుగుతాడు.”

“నన్నెందుకు అడుగుతాడు? బండి హిందూపురం సావుకారిది గదా.”

సంజీవప్ప గొంతు సవరించుకున్నాడు. ఆఫీసులో కింది గుమాస్తా ముందర సవరించుకునే గొంతు అది. “కాగితం మీద నీ పేరు ఉండాది లే” అన్నాడు, పప్పులో ఉప్పు తక్కువైంది అన్నంత తేలికగా.

తెడ్డు ఆగింది. ఆ ఇంట్లో మొదటిసారి సంగటి ఉండ కట్టింది.

సంజీవప్ప పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. సర్కారు ఉద్యోగం చేసేవాడు వ్యాపారం చెయ్యకూడదు. అయినా రెండేండ్ల కిందట ఆయన ఒక పాత నల్లకారు కొని, లక్ష్మన్న అనే డ్రైవరును పెట్టి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య బాడుగలకు తిప్పుతున్నాడు. ఊరికి చెప్పిన మాట వేరు: బండి హిందూపురంలో బెల్లం మండీ సావుకారిది, స్నేహం కొద్దీ తాను కనిపెట్టుకుని ఉన్నాడు, అంతే. పెండ్లానికి చెప్పిందీ అదే. ఇప్పుడు ఎవరో ఆకాశరామన్న అర్జీ రాసి పై ఆఫీసుకు పంపినారు. గుమాస్తా పెండ్లాం పేరుతో టాక్సీ నడుపుతున్నాడు, ఆ యమ్మకు బండికి చక్రాలెన్నో కూడా తెలీదు, కావాలంటే పిలిచి అడగండి, అని. అందుకే ఆఫీసరు పిలిచి అడగబోతున్నాడు. ఆమెకు బండి సంగతి తెలిస్తే బండి ఆమెది. తెలియకపోతే ఆయనది, ఉద్యోగం ఊడుతుంది.

నీలావతికి మొదట నవ్వొచ్చింది. చక్రాలు నాలుగని ఆమెకు తెలియకపోవడమేంటి? ఒక్కో చక్రం నుంచి పేడ గీకి తీసిన గోళ్ళు ఇవి. కదిరి దారి మలుపుల్లో తిన్నది కక్కుకున్న వాళ్ళు, వక్కాకు ఉమ్మి తలుపులకు పూసినవాళ్ళు, శెనక్కాయ పొట్టు సీట్ల సందుల్లో కూరినవాళ్ళు, అందరూ దిగిపోయినాక మిగిలేది ఆమె ఒక్కతే. రెండేండ్లు తెల్లవారకముందే వీధి కొళాయి నుంచి రెండు బిందెలు మోసుకొచ్చి బండికి తాపింది. లక్ష్మన్నకు రెండుపూటలా ముద్ద వండిపెట్టింది. సీటు గుడ్డలు ఉతికి ఆరేసింది. ఒకసారి, ఒకే ఒకసారి, తుడిచి మెరిసిన తలుపు మీద చెయ్యి పెట్టి అట్లే నిలబడితే అత్త కుళ్ళాయమ్మ అరుగు మీద నుంచి అరిచింది: “సావుకారి బండి మేయ్! గీత పడితే మీ నాయన మగ్గం అమ్మి కడతాడా?”

ఆ చెయ్యి వెంటనే తీసేసింది. తన బండి మీద నుంచి తన చెయ్యి.

“ఎప్పటి నుంచి నా పేరు?” అని అడిగింది.

“మొన్నమొన్ననే మార్పించినా” అన్నాడు సంజీవప్ప. “పేరుకే లే. నీకేం బరువు? చెప్పు, ఆరు సిలిండర్లు.”

“ఆరు సిలిండర్లు. సిలిండరు అంటే?”

“అదంతా నీకెందుకు? చిలక రామా అంటుంది, రాముడెవరని అడుగుతుందా? చెప్పమన్నది చెప్పు.”

రెండు రోజులు అట్లే గడిచినాయి. కూర తరిగేటప్పుడు, బిడ్డకు జడ వేసేటప్పుడు, ఆయన స్నానానికి వేన్నీళ్ళలో చన్నీళ్ళు తొరిపేటప్పుడు, ఎక్కడ పడితే అక్కడ ఆయన అడగడం, ఆమె చెప్పడం. ఆరు సిలిండర్లు. పదైదు గుర్రాలు. చిన్నప్పుడు ఎక్కాలు నేర్చినప్పుడైనా ఏడు అంటే ఏడు చింతగింజలని అయ్యవారు చూపించినాడు. ఇక్కడ చూపించేది ఏమీ లేదు. చివరికి ఆమే అంది: “చూడని దాన్ని ఎట్ల చెప్పేది? చూపీ. ఆఫీసరు మాట మార్చి అడిగితే నోరు తెరుచుకుని నిలబడతా. నష్టం నాకు కాదు.”

ఆ చివరి మాట పనిచేసింది. ఆదివారం పొద్దున రైల్లో హిందూపురం తీసుకుపోయినాడు. బండి అక్కడ ఆశీర్వాదం షెడ్డులో ఉంది. పొగ ఎక్కువ వస్తోందని ఇంజను విప్పినారు.

ఆశీర్వాదం నలభై దాటిన మనిషి, మెడలో చిన్న ఇత్తడి సిలువ, మోచేతుల దాకా నల్లనూనె. సంజీవప్ప ఆయనతో, “ఈ యమ్మకు కొంచెం అర్థమయ్యేట్టు చెప్పప్పా. ఆడమనిషి, మెల్లగా చెప్పు” అని, ఎవరైనా అడిగితే బండి తనది కాదనాలని సావుకారికి కూడా పాఠం నేర్పేదానికి మండీ వైపు పోయినాడు.

“ఏం తెలుసునక్కా నీకు?” అన్నాడు ఆశీర్వాదం.

“ఆరు సిలిండర్లు, పదైదు గుర్రాలు.”

ఆయన చేతిలో పానా కింద పెట్టి మరీ నవ్వినాడు. “ఎవరక్కా చెప్పింది? ఆరు గుర్తుండేది బ్యాటరీకి, ఆరు ఓల్టులు. అమ్మినవాడు ఆరు అంటే మీ ఆయప్ప ఏది ఆరో అడగలేదేమో! ఇది నాలుగు సిలిండర్ల బండి. ఎనిమిది గుర్రాలు. తెల్లదొరల దేశంలో ముప్పై ఎనిమిదిలో పుట్టింది. నాకన్నా చిన్నది, నాకన్నా ఎక్కువ దగ్గుతుంది.”

పెనుకొండ ఆఫీసులో పది ఊర్ల రికార్డు చూసే మనిషికి, రెండేండ్లు బండి బాడుగ తిన్న మనిషికి, సిలిండర్లెన్నో తెలియదు. తెలియక, తెలిసినట్టు, ఆమెకు నేర్పినాడు. ఇట్లా ఇంకెన్ని నేర్పినాడో ఈ తొమ్మిదేండ్లలో!

ఆశీర్వాదం ఇంజను పైమూత తీసి ఉన్నదాన్ని చూపించినాడు. నాలుగు గుండ్రటి బావులు, వాటిలో నాలుగు పిస్టన్లు. ఒకటి పైకొస్తే ఒకటి కిందికి. పెట్రోలు, గాలి కలిసి లోపలికొస్తాయి, పిస్టను వాటిని నొక్కుతుంది, ప్లగ్గు నిప్పు చూపిస్తుంది, ఆ దెబ్బకు పిస్టను కిందికి పోతుంది, పొగ బయటికి పోతుంది. “తినేది, నమిలేది, పనిచేసేది, కక్కేది. మనిషి మాదిరే. కాకపోతే ఇది తిన్నదానికి పని చేస్తుంది” అన్నాడు. నాలుగూ ఒకేసారి దెబ్బ కొడితే బండి ముక్కలైపోతుంది, అందుకని వరస ఉంది: ఒకటి, మూడు, నాలుగు, రెండు.

“మల్లా చెప్పన్నా.”

“ఒకటి, మూడు, నాలుగు, రెండు.”

నీలావతి కాళ్ళ వేళ్ళు చీర కింద కదిలినాయి. ధర్మవరంలో నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆమె కూర్చున్నది ఎనిమిదేండ్ల వయసులో. కింద తొక్కే చెక్కలు నాలుగు. ఏది ముందు, ఏది వెనక అనే వరస తప్పితే పోగులు లేవవు, పువ్వు పడదు. “వరస తప్పితే అది చీర కాదు మ్మా, చేపల వల” అనేవాడు నాయన. పెండ్లి అయ్యేదాకా ఆమె కండెలు చుట్టింది, మగ్గం మీది పాత పోగులకు కొత్త పోగుల అచ్చు అతికింది, తెగిన పట్టుపోగు కొసలు వేళ్ళ మధ్య నలిపి ముడి కనపడకుండా కలిపింది. నేసినవాడు నాయన, అమ్మినవాడు చీరల సావుకారి, ముడి వేసిన దానికి పేరు లేదు. అయినా ఆ వేళ్ళకు ఒక చదువు పట్టింది. వెంట్రుకలో సగం లావు తేడా ఉన్నా ఆ వేళ్ళు ఆగిపోతాయి.

“లోపల తాకొచ్చునా?” అని అడిగింది.

“నూనె అంటుతుందక్కా.”

“అంటితే కడుక్కుంటా. కడిగేది నాకు కొత్త గాదు.”

ఒకటో బావిలో వేలు పెట్టి చుట్టూ తిప్పింది. చల్లగా, నున్నగా, మంచి పట్టు మాదిరి ఉంది. రెండోదీ అంతే. మూడోదాంట్లో సగం తిరిగేసరికి వేలు ఆగింది. “ఈడ గీర ఉండాది. పైనుంచి కిందికి. పోగు లేచినట్టు తగుల్తాంది.”

ఆశీర్వాదం ముఖంలో నవ్వు పోయింది. తానూ వేలు పెట్టినాడు, దొరకలేదు. దీపం తెప్పించి, గుడ్డతో తుడిచి, కన్ను దగ్గర పెట్టి చూసినాడు. సన్నని గీత. “యేసయ్యా!” అన్నాడు. “మూడు రోజుల నుంచి ఈ పొగ యాడ నుంచి వస్తాందో అని తల పగలగొట్టుకుంటాండా. పిస్టన్ల రింగులు మార్చి మూత బిగిద్దామనుకుంటి. ఇరవై ఏండ్ల పని నాది. నీకెట్ల తెలిసిందక్కా?”

ఎట్లా తెలిసిందో చెప్పడం నీలావతికి చేతకాలేదు. తన వేళ్ళు చేసిన పనిని చూసి ఒకరు నోరు తెరవడం ఆమె ఎన్నడూ చూడలేదు. అత్త అనే మాట ఒకటే చెవుల్లో ఉండేది: “నేతోళ్ళ పిల్లకు ఏం పని వస్తుందిలే, కూర్చుని దారం చుట్టుకునేది తప్ప.”

“ఇంజను మీద నెంబరు కొట్టి ఉంటుంది” అన్నాడు ఆశీర్వాదం, ఇప్పుడు సరి సమానంగా మాట్లాడుతూ. “పుస్తకంలో నెంబరు, దీని మీద నెంబరు ఒకటేనా అని ఆఫీసరు చూస్తాడు. నువ్వు కూడా చూసి పెట్టుకో. చదువొచ్చునా?”

“ధర్మవరంలో ఎనిమిది దాకా చదివినా.”

ముందు సీటు కింద అట్టపెట్టెలో నుంచి రిజిస్ట్రేషన్ పుస్తకం తీసి ఇచ్చినాడు. ఇంగ్లీషు పుస్తకం, చెదలు కొట్టిన అంచులు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తయారైన సంవత్సరం 1938. సిలిండర్లు నాలుగు. కూర్చునేవాళ్ళు డ్రైవరుతో అయిదుగురు. పుట తిప్పింది. యజమానుల పేర్లు వరసగా: బెంగుళూరులో ఒక దొర, తరువాత ఒక కాంట్రాక్టరు, తరువాత నీలావతి, భర్త సంజీవప్ప, పెనుకొండ. తన పేరు అచ్చమైన ఇంగ్లీషులో, నల్ల సిరాలో. దాని పక్కన తేదీ.

1959 సెప్టెంబరు తొమ్మిది.

మొదట ఏమీ అనిపించలేదు. తేదీ అంటే తేదీ. తరువాత ఆమె వేలు ఆ అంకెల మీద, మూడో బావిలో ఆగినట్టే ఆగిపోయింది. మొన్నమొన్ననే అన్నాడే. నాయన పోయింది అరవై మార్చిలో గదా.

ఆ పొద్దు టెలిగ్రాం వచ్చింది. నాయనకు చివరి ఘడియలు, వెంటనే రా అని. బండి వాకిట్లోనే ఉంది. తెల్లారి ఆమే కడిగిన బండి, ఆమే నీళ్ళు తాపిన బండి. లక్ష్మన్న ముద్ద తిని పండ్లు కుట్టుకుంటున్నాడు. సంజీవప్ప కాళ్ళ మీద పడింది, పట్టుకుని ఏడ్చింది. “పరాయివాళ్ళ బండిని ఎట్ల అడుగుతాము మే? సావుకారిని అడగాలంటే హిందూపురం పోయి రావల్ల. అంతలోకి రైల్లో చేరిపోతావు” అన్నాడు. అత్త అంది: “మీ నాయనకు కారులో వచ్చే కూతురు కావాల్నా?” ప్యాసింజరు మూడు గంటలు ఆలస్యం. ధర్మవరం స్టేషనులో దిగి పరుగెత్తితే, వీధి మొదట్లో తడిబట్టలతో ఎదురొచ్చినారు, కాష్టం దగ్గర నుంచి తిరిగొస్తున్నవాళ్ళు. అమ్మ గడపలో కూర్చుని, “నీ కోసమే చానాసేపు చూసినారు మ్మా” అంది, అంతే. ఆ మాట ఇన్ని దినాలూ ఆమె లోపల ఒక గీర.

ఇంకొకటి ఉంది. పదకొండు దినాలు అయినాక తిరిగొస్తే, లక్ష్మన్న ముద్ద తింటూ, పాపం ఏ చెడ్డ ఆలోచనా లేకుండానే చెప్పినాడు. “ఆ పొద్దు నువ్వు రైలెక్కినాక మేమూ ధర్మవరమే పోయింటిమి గదక్కా, పెండ్లి చీరల బాడుగ. నీకన్నా ముందే చేరినట్టుండాము.” అప్పుడు ఆమె విని ఊరుకుంది. సావుకారి బండి, సావుకారి బాడుగ, మనకెందుకు అనుకుంది.

తన బండి తనకన్నా ముందు ధర్మవరం చేరింది. వేరేవాళ్ళ చీరల కోసం.

షెడ్డులో సుత్తి మోగుతోంది, ఎవరో కన్నడంలో ఎవరినో తిడుతున్నారు, బయట బెల్లం బండ్ల ఎద్దులు గంటలాడిస్తున్నాయి. అవన్నీ ఎక్కడో దూరంగా ఉన్నాయి. మగ్గం నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఆగితే ఇల్లంతా చెవుడు వచ్చినట్టు ఉంటుంది, అట్లాంటి నిశ్శబ్దం ఆమె ఒక్కదాని చుట్టూ. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కోపం కూడా రాలేదు. ఒట్టి ఆశ్చర్యం. ఒక మనిషి కాళ్ళ దగ్గర పడి ఏడుస్తుంటే, ఇంకొక మనిషి జేబులో తాళంచెవి పెట్టుకుని, పరాయివాళ్ళది అని చెప్పగలడా? చెప్పి, ఆ రాత్రి అన్నం తిని పడుకోగలడా? పడుకున్నాడు గదా. ఆమె పక్కనే రెండేండ్లుగా పడుకున్నాడు.

పుస్తకం మూసి ఆశీర్వాదం చేతికిచ్చింది. “మిగతాది చెప్పన్నా” అంది. “అంతా చెప్పు. ఒక్క నట్టు కూడా వదలొద్దు.”

సాయంత్రం దాకా ఆయన చెప్పినాడు, ఆమె అడిగింది. నీళ్ళు ఇంజను చుట్టూ ఎందుకు తిరుగుతాయి, డైనమో ఏం చేస్తుంది, గేరు మార్చేటప్పుడు ఎందుకు అరుస్తుంది, పొగ నీలంగా ఉంటే ఏమి, నల్లగా ఉంటే ఏమి. మూడు గేర్లు ముందుకు, ఒకటి వెనక్కి. సంజీవప్ప మండీ నుంచి వచ్చేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. “ఛీ, ఇదేం అవతారం మే!” అన్నాడు. ఆశీర్వాదం, “మీ ఇంటామె మంచి పనోడప్పా” అన్నాడు, ఆడదానికి ఆ మాట ఎట్లా మార్చి చెప్పాలో తెలియక.

ఇంటికి వచ్చినాక సంజీవప్ప మళ్ళీ పాఠం అడిగినాడు. “ఎన్ని సిలిండర్లు?”

“నాలుగు.”

“ఆరు అని చెప్పినా గదా!”

“ఆరు బ్యాటరీది. సిలిండర్లు నాలుగు. నువ్వు ఆరు అని చెప్పింటే ఆడనే దొరికిపోయేవాళ్ళం.”

సంజీవప్ప ఆమెను చూసిన చూపు చిత్రంగా ఉంది. కుర్చీ మాట్లాడితే చూసినట్టు చూసినాడు. “సరేలే. ఎంత అడిగితే అంతే చెప్పు. ఎక్కువ తెలిసినట్టు కనపడొద్దు” అన్నాడు. తేదీ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తితే ఆయన ఒక మాట చెబుతాడు, ఆ మాట ఆమె వినాల్సి వస్తుంది. ఇంక ఆయన మాట వినే ఓపిక ఆమెకు లేదు.

శుక్రవారం పొద్దున తల దువ్వుకుంటుంటే వచ్చి పక్కన నిలబడినాడు. “అన్నీ అయినాక వేలిముద్ర అడుగుతాడు. ఎడమచేతి బొటనవేలు వెయ్యి. సిరా చీరకు అంటించుకోవద్దు.”

“వేలిముద్ర ఎందుకు? సంతకం చేస్తా.”

“నీకు సంతకం వస్తుందా?”

దువ్వెన ఆమె జుట్టులోనే ఉండిపోయింది. ఆయన పరాచికాలాడటం లేదు. నిజంగా అడుగుతున్నాడు, కళ్ళు పెద్దవి చేసుకుని. తొమ్మిదేండ్లు. బిడ్డ బడి కార్డు మీద ఆయనే సంతకం చేస్తాడు. పుట్టింటికి ఉత్తరం రాస్తే చివర ‘ఇట్లు’ అని ఆయనే పూర్తి చేస్తాడు. రేషను కాగితం ఆయనదే. ఈ ఇంట్లో ఆమె పేరు రాయాల్సిన చోటు ఒక్కటి కూడా రాలేదు; వచ్చిన ఒక్కచోటా ఆమెను పిలవలేదు.

“పెండ్లిచూపుల్లో మా నాయన చెప్పినాడు, ఎనిమిది దాకా చదివిందని” అంది.

“అందరూ అట్లే చెప్తారులే అనుకుంటి” అన్నాడు సంజీవప్ప, నెత్తిన చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూలబడుతూ. “అయ్యో, ఆ ఫైలులో వేలిముద్ర ఉండాది గదే!”

“ఎవరి వేలిముద్ర?”

పలికింది లోపల గదిలో నుంచి కుళ్ళాయమ్మ. “ఏమిరా అది? నన్ను కండ్ల డాక్టరుకు చూపిస్తానని అనంతపురం తీసుకుపోయి, ఒక ఆఫీసులో నా వేలు సిరాలో ముంచితివే, అదేనా?”

ముసలామె గడప పట్టుకుని బయటికొచ్చింది. “ఆడ నన్ను నీలావతీ నీలావతీ అని పిలుస్తాంటే పలకమంటివి. మందుకు పేరు మార్చి రాసుకుంటారేమోలే అనుకుంటి. కండ్లు మసక, సెవులు మసక, కొడుకు మాట గదా అని పలికితి. ఓరి నీ కడుపు కాల! నీ పెండ్లాం పేరుతో నన్ను నిలబెడితివా?”

“నువ్వు లోపలికి పోమ్మా.”

“నన్ను జైల్లో పెడతారా మే?” అంది కుళ్ళాయమ్మ కొడుకు వైపు కాదు, కోడలి వైపు తిరిగి. ఆ గొంతులో ఎన్నడూ లేని చిన్నతనం. పోయిన తొమ్మిదేండ్లలో అత్త కోడలిని అన్న మాటలకు లెక్కలేదు. అయినా నీలావతి లేచి ఆమె చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. “వేలు నీది, పని నీది కాదత్తా. నా నోటి నుంచి నీ పేరు రాదు” అంది.

సంజీవప్పకు ధైర్యం వచ్చింది. “అదీ! ఇప్పుడు మాట్లాడినావు మాట. ఏం లేదు, నువ్వూ వేలు వెయ్యి. నల్లమచ్చ ఏదైనా నల్లమచ్చే, ఎవడు పోల్చి చూస్తాడు? చదువు రానిదాని మాదిరి గంటసేపు ఉండు. నీ సొమ్మేం పోతుంది? నా ఉద్యోగం పోతే నువ్వూ బిడ్డా తినేదేమి? ఆలోచన చెయ్యి.”

ఆలోచన చేసింది. ట్రావెలర్స్ బంగళా దాకా రెండడుగులు వెనక నడుస్తూ దారి పొడుగునా ఆలోచన చేసింది. గంటసేపు చదువు రానిదానిగా ఉంటే నిజంగానే ఏమీ పోదు. ఇంజను తెలిసిన, అక్షరం రాని ఆడది. బండి ఉన్న, చెయ్యి లేని ఆడది. ఇన్నేండ్లు ఉన్నది అట్లే గదా. ఇంకొక గంట. ఉద్యోగం పోతే ఏమవుతుంది? జీతం పోతుంది. ధర్మవరంలో అమ్మ ఉంది, మగ్గం ఉంది, వేళ్ళు ఉన్నాయి. ఆకలి అవుతుంది, నిజమే. ఆకలికి భయపడి గదా ఇన్నాళ్ళూ తల దించుకుని తెడ్డు తిప్పింది.

బంగళాలో పొడుగు బల్ల వెనక ఆఫీసరు, పక్కన ఫైలు పట్టుకుని ఒక గుమాస్తా. సంజీవప్పను వరండాలో ఉండమన్నారు. తలుపు తెరిచే ఉంది. ఆయన అక్కడి నుంచి మెడ చాపి చూస్తున్నాడు.

“కూర్చోండమ్మా. ఈ బండి మీదేనా?”

“నాదే సార్.”

“ఎన్ని సిలిండర్లు?” అడిగినాడు, నవ్వు దాచుకుంటూ. అర్జీలో రాసింది ఆయనకు గుర్తున్నట్టుంది.

“నాలుగు. ఎనిమిది గుర్రాలు. ముప్పై ఎనిమిదిలో తయారైంది. మండే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. మూడోదాంట్లో గోడకు గీర ఉండాది, అందుకని నూనె కాలి నీలం పొగ వస్తాంది. మల్లా బోరింగు చేసి గోడ నున్నగా తియ్యాల. అదయ్యేదాకా ఘాటులో నలుగురిని ఎక్కించొద్దని డ్రైవరుకు చెప్పాల.” తరువాత ఇంజను నెంబరు, చూడకుండానే, అంకె వెనక అంకె చెప్పింది. గుమాస్తా ఫైలులో పోల్చుకుని తల ఊపినాడు.

ఆఫీసరు కలం ఆగింది. “నా కారు గురించి నాకే ఇంత తెలియదు” అన్నాడు. వరండాలో సంజీవప్ప ముఖం పున్నమిచంద్రుడైంది. “సరే, ఇంక అనుమానం ఏముంది? వాంగ్మూలం రాసినాం. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి.”

గుమాస్తా సిరా దిండు ఆమె ముందుకు జరిపినాడు. నీలావతి దాన్ని మెల్లగా పక్కకు జరిపి, బల్ల మీది కలం తీసుకుంది. చాలా రోజులైంది గనక మొదటి అక్షరం వంకర పోయింది. రెండో అక్షరానికి చెయ్యి కుదురుకుంది. గుండ్రంగా, తొందర లేకుండా, నాలుగు అక్షరాలూ రాసింది.

ఆఫీసరు ఆ సంతకం చూసినాడు. ఫైలు వెనక్కి తిప్పి, రెండేండ్ల నాటి కాగితం తీసి, పక్కన పెట్టి చూసినాడు. గది చల్లబడింది.

“ఏమయ్యా, లోపలికి రా” అని పిలిచినాడు. సంజీవప్ప వచ్చి నిలబడినాడు, కాళ్ళు పక్కపక్కన పెట్టుకుని.

“ఈ బండి ఎవరిది?”

తనది అంటే ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. సంజీవప్ప చేతులు కట్టుకున్నాడు. “ఆమెదే సార్. నా భార్య నీలావతిది. నాకేం సంబంధం లేదు సార్.”

“మంచిది. ఆ మాట రాసుకోవయ్యా” అన్నాడు ఆఫీసరు గుమాస్తాతో. అది కాగితం మీద పడేదాకా ఆగినాడు. తరువాత ఫైలులోని పాత కాగితాన్ని వేలితో ముందుకు తోసినాడు. “బండి ఆమెది. ఆమెకు సంతకం వచ్చు. మరి ఈ వేలిముద్ర ఎవరిది?”

సంజీవప్ప స్నానాల గదిలో నుంచి తువ్వాలు కోసం తిరిగినట్టు, ముద్ద ముందర కూర్చుని నీళ్ళ కోసం తిరిగినట్టు, పెండ్లాం వైపు తిరిగినాడు. “చెప్పవే” అన్నాడు.

నీలావతి కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

“అడిగింది నన్ను కాదు” అంది.